బడి పొయ్యి ఆర్పితే బాగుపడేదెవరు?

ఏ ఊళ్లోనైనా బడి అన్నం తిని పిల్లలు వాంతులు చేసుకున్నారని వార్త వస్తే చాలు, తెల్లారేసరికి తీర్పు తయారుగా ఉంటుంది. ఆ వండే ఆడవాళ్లకు శుభ్రం తెలీదంటారు. సర్కారు ఇచ్చేది ప్లాస్టిక్ బియ్యమంటారు. బళ్లలో వంట మాన్పించి, నెల్లూరులో ఒక పెద్ద కిచెన్ పెట్టి, వ్యాన్లలో పంపితే పీడ విరగడవుతుందంటారు. చివర్లో, ఊరికే పెట్టే తిండికి ఇన్ని వంకలేమిటని కూడా అంటారు. నెల్లూరు జిల్లా విడవలూరు టీ కొట్లలోనూ ఫోన్ గ్రూపుల్లోనూ ఈ నాలుగు మాటలే తిరుగుతున్నాయి. చెప్పేవాళ్లలో చాలామంది తమ పిల్లల్ని ఆ బళ్లకు పంపరు. అయినా వాళ్ల మాటే అధికారుల చెవికి తొందరగా ఎక్కుతుంది గనక, ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెప్పక తప్పడం లేదు.

ముందు ప్లాస్టిక్ బియ్యం సంగతి. బడికొచ్చిన బియ్యాన్ని చేటలో పోసి చెరిగితే, అక్కడక్కడా కొన్ని గింజలు తేడాగా కనిపిస్తాయి. మిగతావాటికంటే నున్నగా, కాస్త పాలిపోయి ఉంటాయి. నీళ్లలో పోస్తే కొన్ని పైకి తేలతాయి. ఇంకేం, అవి ప్లాస్టిక్ అని నమ్మి ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, ముద్ద చేసి, యంత్రంలో గింజ ఆకారంలో వత్తి ఆరబెడతారు. ఇలాంటి గింజ ఒకటి మామూలు గింజలు నూటికి కలుపుతారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం ఇలా కలిపిన కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల దాకా ఉండాలి. పిండిని వత్తి చేసిన గింజ పొలంలో పండిన గింజంత దట్టంగా ఉండదు, అందుకే తేలుతుంది. తేలడం ప్లాస్టిక్‌కు రుజువు కాదు.

ఇంకా అనుమానం ఉంటే తేల్చుకోవడానికి హైదరాబాదు ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. హైస్కూలు సైన్సు గదిలో అయోడిన్ సీసా ఉంటుంది. తేలిన గింజను నలిపి దాని మీద ఒక చుక్క వేయండి. పిండి పదార్థమైతే నలుపు కలిసిన నీలంగా మారుతుంది. ప్లాస్టిక్ అయితే అయోడిన్ రంగు అయోడిన్‌కే ఉంటుంది, నీలం రాదు. ఆరో తరగతి పిల్లలు చేసే ప్రయోగమే ఇది. సైన్సు టీచరు ఒక్క పీరియడు కేటాయించి పిల్లల చేతే చేయిస్తే, ఆ సాయంత్రానికి పాతిక ఇళ్లలో ఈ పుకారు చచ్చిపోతుంది.

ఈ పుకారు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఏరి పారేస్తున్న గింజలో ఉన్నది ఆ కొరతను కొంతైనా తీర్చే సరుకు. అందులోని ఫోలిక్ యాసిడ్‌ను 1940ల్లో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడి పేరుతో ముడిపడిన మందును తెలుగు బళ్లోనే ప్లాస్టిక్ అని పెంటకుప్పలో పోయడం కంటే అవివేకం ఉండదు. అలాగని ఈ గింజ ఒక్కటే అన్నీ చేసేస్తుందని సర్కారు చెప్పినా నమ్మొద్దు. ఆకుకూర, పప్పు, గుడ్డు తగ్గించి బలవర్ధక బియ్యం చూపిస్తే అదీ మోసమే. వండేటప్పుడు గంజి వార్చి పారబోస్తే అందులో కొంత పోతుంది కూడా, కాబట్టి ఎసరు కొలిచి పోసి అత్తెసరుగా వండటం మేలు.

రెండో మాట, వండే ఆడవాళ్ల మీద. ఇది అబద్ధమనడం కంటే అన్యాయమనడం సరైనది. బడికి బియ్యం, గుడ్లు, చిక్కీ సర్కారు పంపుతుంది. పప్పు, నూనె, కూరగాయలు, చింతపండు, కారం, గ్యాసు ఆయమ్మలే ముందు తమ డబ్బుతో కొని, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. 2025 మే నుంచి కేంద్రం అమల్లోకి తెచ్చిన ధర ప్రైమరీ పిల్లాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లాడికి 10 రూపాయల 17 పైసలు. అరవై మంది పిల్లలున్న ప్రైమరీ బడి అనుకుందాం. రోజుకు వచ్చేది 406 రూపాయల 80 పైసలు. నిబంధన ప్రకారం తలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంటే కిలోంబావు పప్పుకు కాస్త తక్కువ, మూడు కిలోల కూరగాయలు, మూడొందల గ్రాముల నూనె. కందిపప్పు కిలో 120, కూరగాయలు సగటున 40, నూనె 150 అనుకుంటే అక్కడికే 309 రూపాయలు అయిపోయాయి. మిగిలిన తొంభై ఏడు రూపాయల చిల్లరలో గ్యాసు, ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పోపు సామాను, గిన్నెలు తోమే సబ్బు అన్నీ రావాలి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు బడి ధర ఒక్క పైసా పెరగలేదు. ఆ నెలలో చారు పల్చబడితే అది ఆయమ్మ నేరమా?

ఆ 406 రూపాయలైనా నెలనెలా చేతికొస్తే ఒక దారి. బిల్లులు నెలల తరబడి ఆగిపోవడం, వాటి కోసం వంట కార్మికులు కలెక్టరాఫీసుల ముందు కూర్చోవడం ఏటా చూస్తున్నదే. నెలకు పాతిక పనిదినాలు వేసుకుంటే అరవై మంది బడికి పది వేల పైచిలుకు ఖర్చు. మూడు నెలలు ఆగితే ముప్పై వేలు. నెలకు మూడు వేల గౌరవవేతనం వచ్చే మనిషి ఈ ముప్పై వేలు ఎక్కడ తెస్తుంది? అంగడి వాడి దగ్గర అప్పు పెడుతుంది. అప్పు మీద సరుకు తెచ్చే మనిషికి ఈ పప్పు బాగాలేదు, వేరే ఇవ్వమనే హక్కు ఉండదు. పుచ్చిన పప్పు, ముక్కిపోయిన కారం, లూజు నూనె బడి వంటగదిలోకి వచ్చే దారి ఇదే. ఈ పథకానికి 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరు మారినంత తేలిగ్గా బిల్లు కదలడం లేదు.

శుభ్రం గురించి మాట్లాడేవాళ్లు నీళ్ల గురించి ఎందుకు మాట్లాడరు? విడవలూరు సముద్రపు అంచు మండలం. ఒక పక్క పెన్న, ఇంకో పక్క రొయ్యల గుంటలు. పాలేల వైపు పోయేకొద్దీ బోరు నీళ్లు ఉప్పు తిరుగుతాయి. సున్నపు శాతం ఎక్కువున్న గట్టి నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. గ్యాసు అయిపోతుంది, బద్దలు మాత్రం బద్దల్లాగే ఉంటాయి. పిల్లలు నీళ్లు తాగి బద్దలు వదిలేస్తారు, పళ్లెంలోని మాంసకృత్తులు కాలవలోకి పోతాయి. పప్పును ముందు రోజు రాత్రి నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్లు, ఆ బడిలో ఎలుకలు దూరని గది ఉందో లేదో కనుక్కున్నారా? చెయ్యి కడుక్కోవడానికి కుళాయి, మూత ఉన్న నీళ్ల తొట్టి, తలుపు పడే స్టోరు గది, పొగ పోయే కిటికీ ఇవన్నీ సర్కారు కట్టి ఇవ్వాల్సినవి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి వంటశాల పాక నుంచి లేచిన మంటల్లో 94 మంది పిల్లలు కాలిపోతే గానీ దేశానికి బడికి పక్కా వంటగది కావాలన్న సంగతి గట్టిగా పట్టలేదు.

సరిగ్గా తొమ్మిదేళ్ల తర్వాత, 2013లో అదే జులై 16న, బీహారులో సారణ్ జిల్లా గండామన్ బడిలో భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. వండిన మనిషి నూనె వాసన తేడాగా ఉందన్నా వినిపించుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె కూడా ఆ కూర తిని ఆస్పత్రి పాలైంది. వండేవాళ్లను తిట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. అక్కడ లేనిది శుభ్రం తెలిసిన మనిషి కాదు, ఆ మనిషి మాటకు విలువ. ఈ పాఠం విడవలూరుకు మరీ ముఖ్యం. మొదటి కారు, ఎడగారు రెండూ వరే పండే ఊళ్లివి. ప్రతి ఇంటి వసారాలో పురుగుమందు డబ్బాలుంటాయి. ఖాళీ డబ్బా గట్టిగా ఉందని కడిగి నూనెకో కిరోసిన్‌కో వాడే అలవాటు ఇంకా పోలేదు. బడి వంటగదిలో సీలు వేసిన ప్యాకెట్టు నూనె తప్ప ఇంకేదీ రాకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే ఇలాంటి ముప్పు సగం తప్పుతుంది.

ఆయమ్మల వైపు లోపాలు లేవని కాదు. చేతికి పుండు ఉన్నా వంట మానరు, ఎందుకంటే మానితే ఆ రోజు వండేవాళ్లు లేరు. పుండులో ఉండే స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి వదిలే విషం ఉడికించినా పోదు. దానికి మందు తిట్టు కాదు. ఏటా వైద్య పరీక్ష, తలకు గుడ్డ, చేతికి సబ్బు, జబ్బు చేసిన రోజున బదులు మనిషి. ఒకటికి రెండుసార్లు పిల్లలు పడకేసిన చోట్ల చూస్తే, మొదటిసారి జరిగినప్పుడు ఎవరూ దిద్దుకోకపోవడమే కనిపిస్తుంది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూలులో రోజుల తేడాతో మళ్లీ పిల్లలు అస్వస్థతకు గురైతే తెలంగాణ హైకోర్టు నిలదీసింది అధికారులనే.

మూడో మాట, పెద్ద కిచెన్. వినడానికి బాగుంటుంది. స్టీలు పాత్రలు, ఆవిరి మీద వంట, టోపీలు పెట్టుకున్న పనివాళ్లు, ఫోటోలో అంతా తళతళ. నగరాల్లో, వంటగదికి గజం స్థలం లేని బళ్లకు అది అవసరమే, కాదనడం లేదు. కానీ విడవలూరు మండలానికి అదే మందు అంటే ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

కారణం తెలుసుకోవాలంటే అన్నం సంగతి తెలియాలి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కంటే దిగి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద గుండిగల్లో వండిన సాంబారు, కుర్మా అడుగున ఇంకో రకం సూక్ష్మజీవులు ఇలాగే పెరుగుతాయి. అంటే వండటానికీ తినడానికీ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే అంత క్షేమం. బడిలో పదకొండున్నరకు దించిన అన్నం పన్నెండున్నరకు పిల్లల పళ్లెంలో ఉంటుంది. నెల్లూరులో వేల మందికి వండాలంటే తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలి. అక్కడి నుంచి డబ్బాల్లో నింపి, కోవూరు మీదుగా విడవలూరు వచ్చి, రామతీర్థం దాకా, పాలేల దాకా బడిబడికీ దించుకుంటూ పోవాలి. చివరి బడి పిల్లాడు తినేది అయిదారు గంటల కిందట వండిన అన్నం. కార్తీకపు వానల్లో వ్యాను బురదలో దిగబడితే ఆ గంటలు ఇంకా పెరుగుతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక బడిలో తప్పు జరిగితే అరవై మందికి ముప్పు. ఒక పెద్ద కిచెన్‌లో తప్పు జరిగితే ఆరు వేల మందికి. 1996లో జపానులో సకాయి నగరంలో బడి భోజనం ద్వారా ఓ157 అనే ఈ-కోలై పాకి వేలాది పిల్లలు జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. అక్కడ బళ్లు చాలా ఉన్నా, సరుకు కొనేది ఒకే చోట. జపాను వాళ్లు దానికి బడి భోజనాన్ని శాశ్వతంగా మానేయలేదు. ప్రతి రోజు వండినదాంట్లోంచి, పచ్చి సరుకులోంచి కొంత తీసి రెండు వారాలు గడ్డకట్టించి దాచే పద్ధతిని పక్కా చేసుకున్నారు. పిల్లలకు పెట్టే ముందు హెడ్మాస్టరు తినడం, క్లాసు టీచరు పిల్లలతో కలిసి భోంచేయడం అక్కడ రోజూ జరిగే పని. మన దగ్గర కూడా పిల్లలకంటే ముందు టీచరు రుచి చూడాలన్న నిబంధన ఉంది. ఎన్ని బళ్లలో రిజిస్టరులో సంతకం మాత్రమే భోంచేస్తోందో తల్లిదండ్రులే చూసుకోవాలి.

పెద్ద కిచెన్ వస్తే ఇంకొకటి కూడా పోతుంది. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంట పనుల్లో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. దళిత మహిళ వండిన అన్నాన్ని అన్ని కులాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినడం ఈ పథకం చేసిన పనుల్లో పెద్దది. ఆ వంటను నగరానికి తరలిస్తే ఊరికి మిగిలేది ఖాళీ వంటగది. తుపాను వచ్చి పాలేల జనాన్ని ఖాళీ చేయించినప్పుడు వాళ్లను దించేది బడిలోనే, అన్నం వండేది ఆ వంటగదిలోనే. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని, రోడ్డూ రైలూ ఆగిపోయిన రోజుల్ని ఈ ప్రాంతం వాళ్లు అప్పుడే మరిచిపోయి ఉండరు. అలాంటి రోజున నెల్లూరు నుంచి ఏ వ్యాను వస్తుంది?

ఇక చివరి మాట, ఊరికే పెట్టే తిండి అన్నది. ఇది దానం కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు తలకు అణా మించకుండా ఫలహారం పెట్టాలని తీర్మానించింది. దాన్ని ముందుండి నడిపినవాడు తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టి. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆకలితో ఉన్న పిల్లాడు బడికి రాడు, వచ్చినా చదవడు అన్నది నూరేళ్ల కిందటే తేలిన సంగతి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి సర్కారు ప్రైమరీ బడిలో వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆదేశించింది. 2013లో ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కు చేసింది. 2015 నాటి నియమాల ప్రకారం ప్రైమరీ పిల్లాడి పళ్లెంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పై తరగతుల వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాములు ఉండాలి. బడి ఉన్న రోజున భోజనం పెట్టకపోతే ఆ పిల్లాడికి ఆహార భత్యం చెల్లించాలి. డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో తన ఇంటి సొత్తుతో పదిమందికి అన్నం పెట్టారు, ఆ తల్లికి దండం పెట్టాల్సిందే. సర్కారు పెడుతున్నది మాత్రం మనం కొన్న వస్తువుల మీద కట్టిన పన్ను. దానికి వంక పెట్టే హక్కు సబ్బు బిళ్ల కొన్న ప్రతి మనిషికీ ఉంది.

ప్రైవేటు బళ్ల వాళ్లకూ ఒక మాట చెప్పాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలో, దాని చుట్టూ యాభై మీటర్లలో అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. గేటు పక్కన వేలాడే చిప్సు ప్యాకెట్లు, రంగునీళ్ల ఐసులు ఆ యాభై మీటర్లలోనే ఉన్నాయి. సర్కారు బడి గుడ్డు మీద చర్చ పెట్టే పెద్దమనుషులు, తమ పిల్లాడి బ్యాగులోని పది రూపాయల ప్యాకెట్టు వెనక రాసింది ఒకసారి చదువుకోవాలి.

బడి భోజనం బాగోలేని చోట బాగోలేదనే చెప్పాలి. గుడ్డు పాతదా కొత్తదా తేల్చుకోవడం కష్టం కాదు. నీళ్లలో వేస్తే తాజాది అడుక్కి పోయి పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, మరీ పాతబడింది తేలుతుంది. తేలినవాటిని లెక్కపెట్టి రిజిస్టరులో రాసి, ఫోటో తీసి, కాంట్రాక్టరుకు తిప్పి పంపించండి. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లాలో బడి పిల్లలు ఇన్నేళ్లు లావు బియ్యం తిన్నారు. 2025 జూన్ నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు, మంచిదే. దానికి తోడు పప్పు ఉడికే నీళ్లు కూడా కావాలని అడగండి.

విడవలూరు మండలంలో బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు మనవి. ప్రతి బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంది. వచ్చే సమావేశంలో నాలుగు మాటలు తీర్మానంలో రాయించండి. వంట బిల్లు ప్రతి నెలా పదో తారీకులోపు ఆయమ్మ ఖాతాలో పడాలి. నీళ్ల తొట్టి కడిగిన తేదీ గోడ మీద రాయాలి, నీళ్లను ఏటా పరీక్ష చేయించాలి. వడ్డించే ముందు టీచరుతో పాటు ఒక తల్లి రుచి చూడాలి. రోజూ ఒక గిన్నెడు వంటకం మర్నాటి దాకా మూత పెట్టి ఫ్రిజ్‌లో దాచాలి, ఫ్రిజ్ లేకపోతే సర్కారు ఇవ్వాలి. ఈ నాలుగూ జరిగిన తర్వాత కూడా పిల్లలు జబ్బుపడుతుంటే అప్పుడు పెద్ద కిచెన్ మాట ఎత్తండి, విందాం. అంతదాకా బడి పొయ్యి బడిలోనే ఉండాలి.